ఫేస్‌బుక్‌లో పదేళ్ళ కిందట నేను రాసినవి నాకే దొరకడం లేదు, వెతికే పద్ధతి చెప్పగలరా?

నాగావళి (ప్రశ్న):

అందరికీ నమస్కారం.

2011 నుంచి 2016 దాకా మా నాయనమ్మ మాటలను నేను ఫేస్‌బుక్‌లో రాస్తూ వచ్చాను. మాది విజయనగరం జిల్లాలో చీపురుపల్లి దగ్గరి పల్లె. నాయనమ్మ బడి గడప తొక్కలేదు. కానీ ఆమె నోట నానిన మాటలు చాలావరకు నిఘంటువుల్లో వెతికినా కనబడవు. నేను ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉండేదాన్ని కాబట్టి, ఆదివారం పూట ఫోన్ చేసి ఆమెతో మాట్లాడి, ఆ రోజు విన్న కొత్త మాటనో సామెతనో, అది ఏ సందర్భంలో వచ్చిందో కూడా చెప్తూ నాలుగైదు వాక్యాల్లో రాసి పెట్టేదాన్ని. వాటికి వేరే ప్రతి ఉంచుకోవాలన్న ఆలోచన అప్పట్లో రాలేదు. నా గోడ మీద నేను రాసుకున్నది ఎప్పుడు కావాలన్నా కనబడుతుందనే నమ్మకంతో ఉండిపోయాను.

నాయనమ్మ కిందటి పుష్యమాసంలో కాలం చేశారు. సంవత్సరీకాల నాటికి ఆ మాటలన్నిటినీ చిన్న పుస్తకంగా అచ్చు వేయించి బంధువులకు పంచాలన్నది నాన్నగారి కోరిక. ఆ పని నా మీద పెట్టారు. రెండు వారాలుగా రాత్రిళ్ళు కూర్చుని వెతుకుతున్నాను. నా పేజీని కిందికి జరుపుకుంటూ పోతే 2018 దాకా వచ్చేసరికి ఫోన్ బిగుసుకుపోయి, మళ్ళీ మొదటికి వెళ్ళిపోతోంది. వెతికే పెట్టెలో ‘నాయనమ్మ’ అని కొడితే ఎవరెవరి నాయనమ్మలో వస్తున్నారు, నావి మాత్రం పది పన్నెండుకు మించి రావడం లేదు. అవి పోలేదని నాకు తెలుసు, ఎందుకంటే ‘ఇదే రోజున’ అంటూ అప్పుడప్పుడు ఒకటి రెండు పాతవి ఫేస్‌బుక్కే తెచ్చి చూపిస్తోంది. అది చూపించినప్పుడు చూడగలగడమే తప్ప, నేను కావాలనుకున్నప్పుడు తీసుకోలేకపోతున్నాను.

అన్నిటికంటే ముఖ్యంగా నాకు ఒక మాట కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మా పల్లెకు ఫోన్లు అందలేదు. కొన్ని రోజుల తర్వాత లైను కలిసింది. పెరట్లో పనసచెట్టు ఎలా ఉందని అడిగితే, నాయనమ్మ చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: ‘గాలి ఒగ్గీసినాది గానీ, సెట్టు ఇంకా బయపడతంది.’ అంటే, గాలి వదిలేసింది గానీ చెట్టు ఇంకా భయపడుతోంది అని. దాన్ని నేను ఆ రోజే రాశాను. పుస్తకానికి అదే మొదటి పుటలో ఉండాలని నాన్నగారూ నేనూ అనుకున్నాం. కానీ దాన్ని ఏ రూపంలో రాశానో ఇప్పుడు గుర్తు లేదు. ‘ఒగ్గీసినాది’ అని యథాతథంగా రాశానో, ‘ఒగ్గేసింది’ అని సర్దానో, ‘వొగ్గేసింది’ అన్నానో తెలియదు. అన్ని రకాలుగానూ కొట్టి చూశాను. రాలేదు.

దీనికి సరైన దారి ఏదైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి. నాకు కంప్యూటరు పని మామూలుగా వచ్చు కానీ లోతుగా తెలియదు.


కృష్ణలంక (జవాబు):

నాగావళి గారూ, నాన్నగారి కోరిక చదివి మనసు కదిలింది. నేను కూడా రెండేళ్ళ కిందట, 2010 నుంచి రాసుకున్న పుస్తక పరిచయాలను ఇలాగే వెతికి తీసుకున్నాను కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను.

ముందుగా వెతికే పెట్టెను పక్కన పెట్టండి. అది మనం రాసినవన్నీ వరసగా తెచ్చి ఇవ్వడానికి పెట్టింది కాదు. చాలామందికి చెందిన వాటిలోంచి మనకు నచ్చుతాయని తాను అనుకున్నవాటిని పైకి తెస్తుంది. పైగా తెలుగులో ఒక మాట పది రూపాల్లో ఉంటుంది. ‘చెట్టు’ అని వెతికితే ‘చెట్లకింద’ అని రాసింది తగలదు, ‘నాయనమ్మ’ అంటే ‘నాయనమ్మకి’ తగిలినా ‘నాయినమ్మ’ తగలదు. మీరు మాండలికంలో రాశారు కాబట్టి ఈ ఇబ్బంది మీకు ఇంకా ఎక్కువ. ఎ, యె అనీ, ఒ, వొ అనీ మనం రోజుకో తీరున రాస్తాం. పదేళ్ళ కిందటి మన వర్ణక్రమం మనకే గుర్తుండదు. అందువల్ల మాటను పట్టుకుని వెతకడం కంటే తేదీని పట్టుకుని వెతకడం నయం. మీ దగ్గర గట్టి తేదీ ఉంది కూడా.

తేదీతో వెతకడానికి రెండు చోట్లున్నాయి. కంప్యూటరులో మీ సొంత పేజీ తెరిస్తే, పోస్టుల వరస మొదలయ్యే చోట ‘ఫిల్టర్లు’ అన్న బొత్తాం ఉంటుంది. అందులో సంవత్సరం, నెల ఎంచుకుంటే నేరుగా అక్కడికి తీసుకెళ్తుంది. 2018 దగ్గర బిగుసుకుపోయే బాధ ఉండదు. రెండవది యాక్టివిటీ లాగ్. మీ పేజీలో మీ పేరు కింద ఉండే మూడు చుక్కలను నొక్కితే ఆ పేరు కనిపిస్తుంది. పేజీలో దాచిపెట్టినవి కూడా ఇందులో ఉంటాయి. ఇతరుల గోడల మీద మీరు రాసినవి, ఇతరుల పోస్టుల కింద మీరు పెట్టిన వ్యాఖ్యలు, ఇష్టపడినవి అన్నీ ఇక్కడ వేర్వేరు అరల్లో ఉంటాయి. ప్రతి అరలోనూ తేదీ పెట్టి వడకట్టుకోవచ్చు. ఈ బొత్తాల చోటు అప్పుడప్పుడు మారుతూ ఉంటుంది కాబట్టి నేను చెప్పిన చోట కనిపించకపోతే కంగారు పడకండి, చుట్టుపక్కలే ఉంటాయి.

అయితే పుస్తకం పని కాబట్టి ఒక్కొక్కటీ తెరిచి ఎత్తి రాసుకోవడం సరిపోదు. మొత్తం దించుకోవాలి. మన సమాచారాన్ని మనమే దించుకునే ఏర్పాటును ఫేస్‌బుక్ 2010 అక్టోబరులో పెట్టింది. ఇప్పుడది సెట్టింగ్స్‌లో, అకౌంట్స్ సెంటర్‌లో, మీ సమాచారం, అనుమతులు అన్న విభాగంలో ఉంది. అక్కడ మూడు విషయాల్లో జాగ్రత్త పడండి, ఎందుకంటే నేను మొదటిసారి ఆ మూడింట్లోనూ తప్పు చేసి రెండు రోజులు పోగొట్టుకున్నాను.

తేదీల అవధి దగ్గర మొత్తం కాలాన్ని ఎంచుకోండి. అక్కడ ఒక్క ఏడాదే ఎంచి ఉంటే, దాన్ని గమనించకుండా ముందుకు వెళ్తే మీకు కావలసిన 2011, 2014 ఏవీ రావు. ఫొటోల నాణ్యతను ఎక్కువలో పెట్టండి, పుస్తకంలో నాయనమ్మ ఫొటో వేయాలనుకుంటే అది అవసరమవుతుంది. ఫైలు రూపం అడిగినప్పుడు హెచ్‌టీఎమ్‌ఎల్ అన్నది ఎంచుకోండి. అది మామూలు వెబ్ పేజీలాగా బ్రౌజరులో తెరుచుకుంటుంది, తెలుగు తెలుగుగానే కనిపిస్తుంది. రెండో రూపమైన జేసన్ ఎంచుకుంటే మీరు రాసిందేదీ మీరు గుర్తుపట్టలేరు. ఆ సంగతి ఇంకెవరైనా నాకంటే బాగా చెప్తారు.

అడిగిన వెంటనే అది రాదు. తయారైందని కబురు వచ్చాక దించుకోవాలి. ఆ లంకె కొద్ది రోజులే పనిచేస్తుంది కాబట్టి కబురు వచ్చిన రోజే కంప్యూటరులోకి దించుకుని, ఇంకో ప్రతిని పెన్‌డ్రైవులో ఉంచుకోండి. అందులో ఎన్నో సంచులు (ఫోల్డర్లు) ఉంటాయి. మీకు కావలసింది పోస్టులది ఒకటి, వ్యాఖ్యలది ఒకటి, సమూహాలది ఒకటి. అప్పట్లో నోట్స్ అని పొడుగు వ్యాసాలు రాసుకునే వసతి ఉండేది, గుర్తుందా? 2020 అక్టోబరు 31తో కొత్త నోట్స్ రాయడం ఆపేశారు. నాకు నా నోట్స్ వేరే ఫైలుగా వచ్చాయి. మీరూ అలా ఏమైనా రాసి ఉంటే ఆ ఫైలును మరిచిపోకుండా చూడండి.

దించుకున్న తర్వాత బ్రౌజరులోనే కంట్రోల్, ఎఫ్ నొక్కి వెతకవచ్చు. కానీ నా మాట వింటే అలా కూడా వెతక్కండి. మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చదవండి. నేను వెతికిన పరిచయాలు ముప్పై అనుకున్నాను, చదువుతూ పోతే రాశానన్న సంగతే మరిచిపోయినవి అంతకు రెట్టింపు బయటపడ్డాయి. మనకు గుర్తున్న మాటతో వెతికితే గుర్తున్నవే దొరుకుతాయి.


అక్షరకూర్పు (జవాబు):

కృష్ణలంక గారు చెప్పినదంతా సరిగ్గా ఉంది. నేను పుస్తకాల అక్షరకూర్పు చేసే మనిషిని. ఇలా ఫేస్‌బుక్ నుంచి దించుకున్న కవితలు, కథలు పుస్తకాలుగా వేయించుకోవడానికి మా దగ్గరికి తెచ్చేవారు ఈమధ్య చాలామంది ఉన్నారు. వాళ్ళలో సగం మంది జేసన్ ఫైలు తెచ్చి, ‘అంతా పాడైపోయింది’ అని దిగులుగా కూర్చుంటారు. ఆ దిగులు అక్కర్లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

యూనికోడ్ తెలుగును యూటీఎఫ్-8 అనే పద్ధతిలో నిల్వ చేస్తే ఒక్కొక్క గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. ఫేస్‌బుక్ ఇచ్చే జేసన్ ఫైలు ఆ మూడు బైట్లనూ ఒకే గుర్తుగా కాకుండా మూడు వేర్వేరు గుర్తులుగా రాసేస్తుంది. దాన్ని మామూలు పద్ధతిలో తెరిస్తే, తలమీద చిన్న గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’ ఒకటి, దాని పక్కన ఎండ డిగ్రీలకు వాడే చిన్న సున్నాయో, కూడిక కింద తీసివేత ఉన్న గుర్తో, ఆ తర్వాత ఇంకేదో, ఇలా పుట నిండా కనిపిస్తుంది. నిజానికి అందులో గజిబిజి ఏమీ లేదు. హల్లుల దగ్గర డిగ్రీ సున్నా వస్తుంది. గుడిదీర్ఘం, కొమ్ములు, ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం, పొల్లు వచ్చిన చోట కూడిక తీసివేత గుర్తు వస్తుంది. అంటే అక్షరాలన్నీ క్షేమంగా, వరస తప్పకుండా ఉన్నాయి, వేషం ఒక్కటే మారింది. ఆ పాఠాన్ని లాటిన్-1 పద్ధతిలో బైట్లుగా మార్చి, ఆ బైట్లను యూటీఎఫ్-8గా చదివితే మళ్ళీ చక్కటి తెలుగు వస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసినవారికి అది ఒక్క వరస పని. ఇంట్లో చదువుకునే పిల్లలెవరైనా ఉంటే చేసి పెడతారు. మీరు హెచ్‌టీఎమ్‌ఎల్‌లో తీసుకుంటే ఈ శ్రమే ఉండదు.

మీకు ఇంకొక చిక్కు రావచ్చు. మీరు ‘హుద్‌హుద్’ అని వెతుకుతారనుకుందాం. ఈ మాటను మనం రాసేటప్పుడు ‘ద్’ తర్వాత ‘హ’ దాని కింద వత్తుగా చేరకుండా ఆపడానికి, కంటికి కనపడని గుర్తు ఒకటి మధ్యలో పడుతుంది. ఆ గుర్తు వేసి రాసిన హుద్‌హుద్ వేరు, వేయకుండా రాసిన హుద్హుద్ వేరు, విడదీసి రాసిన హుద్ హుద్ వేరు. మనిషి కంటికి మూడూ ఒకటే తుఫాను, కంప్యూటరుకు మూడూ మూడు మాటలు. ‘ఫేస్‌బుక్’, ‘హైస్కూల్‌లో’ వంటి మాటలన్నిటికీ ఇదే గతి. కాబట్టి వెతకక తప్పనప్పుడు మాట మొత్తం కాకుండా, అలాంటి పొల్లు లేని ముక్కను మాత్రం కొట్టండి. తుఫాను కోసమైతే ‘తుఫా’ అని చాలు, తుఫానూ తుఫానుకీ రెండూ దొరుకుతాయి. ‘తుపాను’ అని రాసి ఉంటే అది మళ్ళీ వేరే, దాన్నీ విడిగా చూడాలి.

ఒకవేళ మీరు కొన్నిటిని అందంగా అచ్చొత్తినట్టు బొమ్మలుగా చేసి పెట్టి ఉంటే, వాటిలోని మాటలు ఏ వెతుకులాటకూ తగలవు. ఆ రోజుల్లో ‘అను’ అనే పేరున్న, యూనికోడ్ కాని ఫాంట్లలో కూర్చి, దాన్ని బొమ్మగా మార్చి పెట్టడం చాలామందికి అలవాటు. దించుకున్నవాటిలో ఫొటోల సంచిని కూడా ఒక్కొక్కటిగా చూడండి. గూగుల్ లెన్స్ తెలుగు బొమ్మలోంచి పాఠాన్ని బాగానే తీస్తుంది, కానీ వత్తుల దగ్గరా, మ, య దగ్గరా పొరపాట్లు చేస్తుంది. మీ నాయనమ్మ గారి మాటల్లో ఒక్క వత్తు మారినా అది ఆమె మాట కాకుండా పోతుంది, అందుకని బొమ్మను పక్కన పెట్టుకుని దిద్దుకోండి.


నాగావళి:

కృష్ణలంక గారికి, అక్షరకూర్పు గారికి కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే మొత్తం కాలానికి, హెచ్‌టీఎమ్‌ఎల్ రూపంలో అడిగాను. మర్నాడు ఉదయానికి తయారైంది. శని, ఆదివారాలు రెండూ నాన్నగారి పక్కన కూర్చుని పోస్టుల ఫైలు మొత్తం చదివాను. నేను చదువుతుంటే ఆయన కావలసినవాటి తేదీలు కాగితం మీద రాసుకున్నారు. నాకు పట్టుమని నలభై గుర్తుంటే, నూట ముప్పై దాకా తేలాయి. మేడ మీద ఒడియాలు పెట్టి కాకుల్ని తోలుతూ అన్న మాటలు, కళ్ళం దగ్గర నూర్పులప్పటి మాటలు, నేను అసలు రాశానని కూడా ఎరగనివి ఉన్నాయి. ‘ఏటి’ (ఏమిటి) అన్న ఒక్క మాటనే నేను ‘ఏటి’, ‘యేటి’, ‘ఏఁటి’ అని మూడు తీర్లలో రాశాను. పుస్తకంలో వాటిని ఒక్క తీరుకు తేవాలా, ఉన్నవి ఉన్నట్టు వదలాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

కానీ పనసచెట్టు మాట అందులో లేదు. 2014 అక్టోబరు 12 నుంచి నెలాఖరు దాకా పోస్టులను ఒకటికి మూడుసార్లు చూశాను. 13న ‘ఊరికి ఫోన్లు కలవడం లేదు, చీపురుపల్లి వైపు వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి’ అని రాసింది ఉంది. దాని తర్వాత ఇరవై రోజులు ఏమీ లేదు. నేను రాయలేదా, తర్వాత తీసేశానా అన్నది అర్థం కావడం లేదు. రాసినట్టు నాకు బాగా గుర్తు. ఎవరెవరో దానికి జవాబులు ఇచ్చినట్టు కూడా గుర్తు.


విశ్రాంత ఉపాధ్యాయుడు (జవాబు):

అమ్మా నాగావళీ, నేను మదనపల్లెలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి విరమించినవాణ్ణి. మీ పని సగం అయినందుకు సంతోషం. ఆ మాట పోయిందని అప్పుడే అనుకోవద్దు.

మీ గోడ మీద రాసినవాటికి మాత్రమే పోస్టుల ఫైలు. ఆ రోజుల్లో మనం రాసినది అంతా మన గోడ మీదే రాశామా? మనసులో ఉన్నది ఎవరి గోడ మీద తగిన సందర్భం కనిపిస్తే అక్కడ రాసేశాం. కవిసంగమం వంటి సమూహాల్లో ఎందరో తమ మంచి కవితలను నేరుగా అక్కడే పెట్టి, సొంత గోడ మీద పెట్టనే లేదు. ఇంకా ఎక్కువ భాగం వ్యాఖ్యల్లో పోయింది. నా సంగతే చెప్పాలంటే, ఛందస్సు గురించి నేను రాసిన వాటిలో కాస్త పనికొచ్చేది అంతా ఎవరో అడిగిన ప్రశ్న కింద ఉన్నదే. జవాబులు వచ్చినట్టు మీకు గుర్తుంది అంటున్నారు. వ్యాఖ్యకు కూడా జవాబులు వస్తాయి. కాబట్టి వ్యాఖ్యల ఫైలు తెరవండి. అందులో మీ వ్యాఖ్య పాఠం, తేదీ, ఎవరి పోస్టు కింద రాశారో వారి పేరు ఉంటాయి. ఆ పోస్టు మాత్రం ఉండదు, అది వారి సొత్తు. అలాగే మీ పోస్టుల కింద ఇతరులు రాసినవి కూడా మీరు దించుకున్నదాంట్లోకి రావు.

ఈ చివరి విషయం గురించి కొంచెం చెప్పనివ్వండి. మీ నాయనమ్మ గారి మాట కింద మీ ఊరివాళ్ళు, బంధువులు ‘మా ఇంట్లోనూ ఇలాగే అంటారు’, ‘మా వైపు దీన్నే ఇలా అంటాం’ అని రాసి ఉంటారు. మాటల పుస్తకానికి అవి చాలా విలువైనవి. వాటిని మీరు ఫేస్‌బుక్‌లో ఆయా పోస్టులను తెరిచి చేత్తోనే ఎత్తి రాసుకోవాలి. ఆలస్యం చేయకండి. రాసినవారు తమ ఖాతాను నిలిపివేస్తే వారి వ్యాఖ్య కనబడకుండా పోతుంది, తీసివేస్తే ఇక రాదు. ఎత్తి రాసుకున్నవాటిని పుస్తకంలో వేసే ముందు రాసినవారిని అడగండి. స్నేహితుల మధ్య అన్న మాటకూ అచ్చులో పడ్డ మాటకూ తేడా ఉంది, అడిగితే ఎవరూ కాదనరు.

నేను ఆర్కుట్‌లో శతక పద్యాల మీద మిత్రులతో చేసిన చర్చలు నాకు ఈనాటికీ గుర్తున్నాయి. ఫేస్‌బుక్ లాంటిదే అయిన ఆ వేదికను 2014 సెప్టెంబరు 30న మూసేశారు. దాచుకోవడానికి గడువు ఇచ్చారు, నేను పట్టించుకోలేదు. తర్వాత గూగుల్ ప్లస్‌లో రాసుకున్నాను. అది 2019 ఏప్రిల్ 2న మూతబడింది. అప్పుడు మాత్రం ముందే దించుకున్నాను, అందువల్ల ఆ రాతలు నా దగ్గర ఉన్నాయి. ఆర్కుట్‌వి లేవు. అందులో నాతో వాదించిన ఇద్దరు మిత్రులు ఇప్పుడు లేరు. వారి మాటలు చదువుకోవాలంటే నాకు దారి లేదు. మీరు సమయానికి మేలుకున్నారు తల్లీ, ఆ వ్యాఖ్యల ఫైలు ఈ రాత్రే చూడండి.


అక్షరకూర్పు (జవాబు):

మాస్టారు గారు చెప్పినది చదివాక నాకు ఇంకొకటి తోచింది. నాగావళి గారూ, 2014లో మీరు వాడిన ఫోన్‌లో తెలుగు రాయగలిగేవారా? అప్పటి ఫోన్లలో చాలావాటిలో తెలుగు డబ్బాలుగా కనిపించేది, లేదా వత్తులు విడివిడిగా పడేవి. కంప్యూటరు దగ్గర కూర్చున్నప్పుడు, ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాయించే లేఖినిలోనో మరోదానిలోనో తెలుగులో రాసి అతికించేవాళ్ళం. ఫోన్‌లోంచి వ్యాఖ్య పెట్టాలంటే ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసేవాళ్ళం. మీరు ‘ఒగ్గీసినాది’ని తెలుగులో ఎన్ని రకాలుగా కొట్టినా తగలకపోవడానికి అదే కారణం కావచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగుకు వర్ణక్రమం అసలే ఉండదు. అందుకని కొట్టి వెతక్కుండా, వ్యాఖ్యల ఫైలులో 2014 అక్టోబరుకు వెళ్ళి ఒక్కొక్కటి కళ్ళతో చూడండి.


నాగావళి:

దొరికింది.

మాస్టారు గారూ, మీరు అన్నట్టే వ్యాఖ్యల్లోనే ఉంది. అక్షరకూర్పు గారూ, మీరు అన్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. 2014 అక్టోబరు 18, రాత్రి తొమ్మిదీ నలభై. విశాఖలో ఉండే నా స్నేహితురాలు వాళ్ళ వీధిలో వేళ్ళతో సహా లేచిపోయిన చెట్టు ఫొటో పెట్టింది. ఆ ఫొటో కింద నేను ఫోన్‌లోంచి రాసిన వ్యాఖ్య అది. ఇంతకాలం దాన్ని నా గోడ మీద రాశాననే అనుకున్నాను. స్నేహితురాలికి ఫోన్ చేస్తే ఆ పోస్టు ఇంకా ఉందని వెతికి తీసి లంకె పంపింది. దాని కింద పద్నాలుగు జవాబులు ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి ఒకరు, బొబ్బిలి నుంచి ఒకరు తమ ఇళ్ళలో తుఫాను తర్వాత పెద్దవాళ్ళు అన్న మాటలు రాశారు. వారిద్దరికీ ఉత్తరాలు రాసి అనుమతి అడిగాను. ఒకరు అప్పుడే వేసుకోమన్నారు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నేను రాసినది నాకు గుర్తున్నట్టు లేదు. అక్కడున్నది తెలుగులోకి తెస్తే ఇలా ఉంది: ‘గాలి ఒగ్గీసినాది గానీ, సెట్టు ఇంకా ఒణుకుతంది.’ భయపడడం అన్న మాటే లేదు. పదేళ్ళుగా నేను ఎంతమందికి చెప్పినా ‘బయపడతంది’ అనే చెప్తూ వచ్చాను. ఎప్పుడు మారిందో, ఎలా మారిందో తెలియదు. విన్న గంటలోపు రాసుకున్నది ‘ఒణుకుతంది’ కాబట్టి అదే నాయనమ్మ మాట అని తీసుకున్నాను. ఆ చెట్టును ఆమె అలాగే చూసి ఉంటారు. ఆకులు రాలిపోయి, కొమ్మలు విరిగి, గాలి ఆగాక కూడా మిగిలిన కొమ్మ ఊగుతూ ఉండడం ఆమె చెప్పారు. భయం అన్నది నేను కలిపాను.

నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఊరుకుని, ‘అమ్మ ఒణుకుతంది అనదు, అదురుతంది అంటాది’ అన్నారు. ఆయన ఆ రోజు ఫోన్ దగ్గర లేరు. అయినా ఆమె మాట నాకంటే యాభై ఏళ్ళు ఎక్కువగా విన్నవారు. పుటలో నేను రాసుకున్నది రాసుకున్నట్టు వేస్తాను, కింద చిన్న అక్షరాల్లో నాన్నగారి మాట కూడా వేస్తాను. అక్షరకూర్పు గారూ, అలాంటి అడుగు గమనిక ఉన్న చిన్న పుస్తకానికి, నూట ముప్పై మాటలకు, ఏ కొలత పుట బాగుంటుందో వీలున్నప్పుడు చెప్పండి.